గల్ఫ్‌లో తుఫాను వస్తే: కడప జిల్లా కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి కడప జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి అరుదు. రాయచోటి, రాజంపేట, కడప చుట్టుపక్కల పల్లెల్లో అయితే ఇంటికొకరు కువైట్‌లోనో, మస్కట్‌లోనో, దుబాయ్‌లోనో ఉంటారు. అక్కడ గట్టి వాన పడిందని టీవీలో అడుగున అక్షరాలు పరిగెత్తగానే ఇక్కడ ఇంటింటా ఫోన్లు మొదలవుతాయి. అడిగేవి ఏటా దాదాపు అవే ప్రశ్నలు. అవి ఎట్లా అడిగారో అట్లాగే రాసి, కింద జవాబులు ఇస్తున్నాం. అమెరికాలో చదివే పిల్లల తల్లిదండ్రులూ అడుగుతున్నారు కాబట్టి వాళ్ళకూ చివర్లో కొంత ఉంది.

ఎడారి దేశం కదా, ఆడ తుఫాను యాడ్నుంచి వస్తాది?

అన్ని గల్ఫ్ దేశాలకూ ఒకే రకం తుఫాను రాదు. ఒమన్‌కు అరేబియా సముద్రం నుంచి నిజమైన తుఫాన్లే వస్తాయి. 2007 జూన్‌లో గోను మస్కట్‌ను అతలాకుతలం చేసింది. 2018 మేలో మెకును సలాలా దగ్గర తీరం దాటింది. 2021 అక్టోబర్ 3న షాహీన్ మస్కట్‌కు పడమరగా ఉన్న బాతినా తీరాన్ని కొట్టింది. ఈ షాహీన్ మనకు కొత్తదేమీ కాదు. అంతకు వారం ముందు, సెప్టెంబర్ 26న, శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ తుఫానే బలహీనపడి, దేశం మధ్యగా నడిచి, గుజరాత్ పక్కన అరేబియా సముద్రంలో దిగి మళ్ళీ బలం పుంజుకుంది. ఉత్తరాంధ్రను తడిపిన తుఫానే ఒమన్‌లో మనవాళ్ళ గదుల్లోకి నీళ్ళు తెచ్చిందన్నమాట. కాబట్టి మే, జూన్, మళ్ళీ అక్టోబర్, నవంబర్ నెలల్లో ఒమన్‌లో మనిషి ఉంటే మన వాతావరణ శాఖ వార్తలు విన్నా పనికొస్తాయి. అరేబియా సముద్రంలో పుట్టే తుఫాన్లను గమనించి పేరు పెట్టే బాధ్యత కూడా ఢిల్లీలోని ఆ శాఖదే.

కువైట్ వేరు. అక్కడికి సముద్రపు తుఫాన్లు రావు. అక్టోబర్ నుంచి మే దాకా ఉరుములు, వడగళ్ళతో ఉన్నట్టుండి విరుచుకుపడే వానలే వస్తాయి. వసంతంలో వచ్చేవాటిని అక్కడివాళ్ళు సరాయాత్ అంటారు. 2018 నవంబర్‌లో రెండు విడతలుగా కురిసిన వానకు విమానాశ్రయం మూతపడింది, రోడ్లు తేలిపోయాయి, ప్రజాపనుల మంత్రి రాజీనామా చేశాడు. ఎమిరేట్స్‌లో (దుబాయ్, అబుదాబీ ఉన్న దేశం) అయితే 2024 ఏప్రిల్ 16 నాటి వానను మనవాళ్ళు ఎవరూ మర్చిపోలేరు.

ఒక్కరోజు వానకే అంత మునిగిపోవడం ఏంది?

కువైట్‌లో గానీ దుబాయ్‌లో గానీ ఏడాదంతా కలిపి పడేది సుమారు 100 మిల్లీమీటర్లు. కరువు సీమ అని పేరుపడ్డ అనంతపురంలోనే ఏటా దాదాపు 550 పడుతుంది. 2024 ఏప్రిల్ 16న ఎమిరేట్స్‌లోని అల్ ఐన్ పక్కన ఖత్మ్ అల్ షక్లా అనే చోట 24 గంటలు తిరక్కముందే 254 మిల్లీమీటర్లు కురిసింది. 1949లో లెక్కలు మొదలుపెట్టినప్పటి నుంచి ఆ దేశంలో ఇంత వాన లేదు. అనంతపురంలో ఆరు నెలలు కురవాల్సిన వాన ఒక పగలూ రాత్రీ పడితే ఎట్లుంటుందో ఊహించుకోండి. అది కూడా మురుగు కాలువలు చాలని ఊళ్ళో, నీళ్ళు ఇంకని గట్టి నేల మీద, మైళ్ళకొద్దీ తారు, కాంక్రీటు మీద. ఆ నీళ్ళు పల్లం వెతుక్కుని అండర్‌పాస్‌లలోకి, సెల్లార్లలోకి చేరతాయి.

అదంతా మేఘమథనం వల్లేనంట కదా?

కాదు. మేఘమథనం అంటే విమానాలతో మేఘాల్లో మందు చల్లి వాన కురిపించడం. ఆ తుఫాను సమయంలో ఆ విమానాలు పంపలేదని ఎమిరేట్స్ వాతావరణ కేంద్రం చెప్పింది. ఆ వాన వస్తుందని రోజుల ముందే అంచనాలు కూడా వచ్చాయి. మేఘమథనం గురించి మన సీమ వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. 2004 ప్రాంతంలో మన ఆకాశంలోనూ ఆ విమానాలు తిరిగాయి. దాంతో ఒక్కరోజులో 250 మిల్లీమీటర్లు కురిపించగలిగి ఉంటే అనంతపురంలో వేరుశనగ రైతు ఈపాటికి వరి నాటుతుండేవాడు.

వాదీ పక్కకు పోవద్దంటారు. అంత భయమెందుకు? నీళ్ళే ఉండవు గదా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. వాదీ అంటే మన వంక లాంటిదే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక, గులకరాళ్ళు, పక్కన నాలుగు తుమ్మచెట్లు. ఒమన్‌లో, ఎమిరేట్స్ తూర్పు కొండల్లో రోడ్లు చాలాచోట్ల ఆ వాదీల మీదుగానే పోతాయి. వాన మీ నెత్తిన పడక్కర్లేదు. ఎగువన కొండల్లో పడితే చాలు, మీరున్నచోట ఎండ కాస్తుండగానే ఎర్రనీళ్ళు గోడ కట్టినట్టు దిగుతాయి. కొండలన్నీ రాయి కాబట్టి పడిన నీళ్ళు పడినట్టే కిందికి జారుతాయి, ఎక్కడా ఇంకవు.

2024 ఏప్రిల్‌లో ఒమన్‌లోని సమద్ అల్ షాన్ దగ్గర బడిపిల్లలు ఉన్న వాహనం ఇట్లాగే కొట్టుకుపోయి పసివాళ్ళు చనిపోయారు. మనకూ ఇది తెలియని సంగతి కాదు. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళ మీద పడినప్పుడు నందలూరు దగ్గర ఆర్టీసీ బస్సులు నీళ్ళలో చిక్కుకోవడం మన జిల్లా అంతా చూసింది.

అడుగు నుంచి అడుగున్నర లోతు పారే నీళ్ళు చిన్న కారును తోసేస్తాయి. రెండడుగులైతే పెద్ద బండి కూడా తేలుతుంది. పారే నీళ్ళు అరడుగు ఉన్నా కాళ్ళు పట్టు తప్పుతాయి. ముందు బండి దాటిందని మీరు దాటకండి. అది దాటిన నిమిషానికి, మీరు దిగే నిమిషానికి మధ్య నీళ్ళు పెరిగి ఉంటాయి. ఎమిరేట్స్‌లో వరదొచ్చిన వాదీలోకి బండి దించితే 2,000 దిర్హాముల జరిమానా, లైసెన్సు మీద 23 బ్లాక్ పాయింట్లు (తప్పుల లెక్క), 60 రోజులు బండి జప్తు. వాన పడుతుండగా వాదీ దగ్గర చూడ్డానికి గుమికూడినా 1,000 దిర్హాములు. ఒమన్‌లో జైలుకూ పంపొచ్చు. శుక్రవారం సెలవని వాదీల దగ్గరికి వండుకుని తినడానికి పోయే కుర్రాళ్ళకు ఇది రెండుసార్లు చెప్పాలి.

డ్యూటీ మీద బండి తోలుతుండగా వాన పట్టుకుంటే ఏం చెయ్యాల?

అండర్‌పాస్‌లోకి దిగొద్దు. కువైట్‌లో గజాలీ, మంగాఫ్ సొరంగాలు వానొస్తే మునుగుతాయని పాత డ్రైవర్లందరికీ తెలుసు. కొత్తవాళ్ళకు గూగుల్ మ్యాప్ అటే దారి చూపిస్తుంది. ఎత్తైన పెట్రోలు బంకు గానీ, మాల్ పార్కింగులో పై అంతస్తు గానీ చూసుకుని బండి ఆపి, బాబాకో (ఇంటి యజమానికి) కంపెనీకో ఫోటో పంపండి. మాటకంటే ఫోటోను తొందరగా నమ్ముతారు.

బండి నీళ్ళలో ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చెయ్యకండి. ఇంజన్‌లోకి నీళ్ళు లాగేస్తుంది, ఆ తర్వాత బాగుచేసే ఖర్చు బండి ఖరీదుకు దగ్గరగా పోతుంది. నీళ్ళు పెరుగుతుంటే లోపలే కూర్చోకండి. కరెంటు పనిచేస్తుండగానే అద్దం దించి బయటికి వచ్చెయ్యండి. నీళ్ళు తలుపు మీదికి వచ్చాక తలుపు తెరుచుకోదు. 2024లో దుబాయ్‌లో నీళ్ళలో నిలిచిన బండిలోనే ఊపిరాడక చనిపోయినవాళ్ళున్నారు.

రెడ్ అలర్ట్ ఉన్నా ఫోర్‌మ్యాన్ పనికి రమ్మంటున్నాడు. పోకుంటే జీతం కోస్తాడా?

ముందు మెసేజ్ రూపంలో అడగండి: "పోలీసులు రోడ్డు మూసేశారు, బండి పంపిస్తారా?" దీన్ని ఇంగ్లీషులోనో హిందీలోనో రాసి పంపితే, రానని చెప్పకుండానే విషయం కాగితం మీదికి వచ్చినట్టవుతుంది. చాలాసార్లు బండి రాదు, గొడవ అక్కడితో తీరిపోతుంది. జీతం కోస్తే ఆ మెసేజే మీ సాక్ష్యం. కువైట్‌లో మ్యాన్‌పవర్ అథారిటీకి, ఎమిరేట్స్‌లో మానవ వనరుల శాఖకు, ఒమన్‌లో కార్మిక శాఖకు ఫిర్యాదు చెయ్యొచ్చు. స్కాఫోల్డింగ్ మీద, క్రేన్ కింద పనైతే మాత్రం మెసేజ్‌ల దాకా ఆగొద్దు, దిగేయండి.

క్యాంపులో ఉంటాం. గదిలోకి నీళ్ళొస్తే?

గాలివానలో క్యాంపుల్లో అసలు ప్రమాదం కరెంటుది. ఒకే ప్లగ్గుకు నాలుగు ఎక్స్‌టెన్షన్ బాక్సులు తగిలించి, మంచాల కింద నేల మీద పెట్టుకోవడం మనవాళ్ళ అలవాటు. వానొస్తుందని తెలిసిన రోజు మొదటి పని వాటిని మంచం పైకి ఎత్తడం. నీళ్ళు గదిలోకి వచ్చాక స్విచ్చులు ముట్టుకోకండి. మెయిన్ దగ్గరికి పొడి నేల మీదుగా పోగలిగితేనే పోయి ఆపండి.

కొండ కింద కట్టిన క్యాంపుల్లో ఉన్నవాళ్ళు గోడవైపు పడుకోవద్దు. షాహీన్ వచ్చినప్పుడు మస్కట్‌లోని రుసైల్ పారిశ్రామిక ప్రాంతంలో కొండచరియ విరిగి కూలీల గదుల మీద పడి ఇద్దరు చనిపోయారు. పోర్టా క్యాబిన్‌లో ఉంటే గాలి పెరగకముందే గట్టి భవనంలోకి మారండి. దగ్గర్లో మసీదు తెరిచి ఉంటే అక్కడికి పోండి, మొహమాటపడొద్దు.

ఇంటి పనికి పోయినాను. నా రూము సర్దాబ్‌లో (నేల కింది అంతస్తులో) ఉంది. మామా (ఇంటి యజమానురాలు) ఏమనుకుంటాదో?

అక్కా, వాన పెద్దదైన రాత్రి సర్దాబ్‌లో పడుకోవద్దు. ఫోను, బతాకా (సివిల్ ఐడీ కార్డు), మందులు, ఒక జత బట్టలు కవర్లో కట్టుకుని పైకి వచ్చేయండి. వంటింట్లో పరుపు వేసుకుంటానని చెప్తే ఏ మామా కాదనదు. కార్పెట్లు, సామాను పైకి మొయ్యమని మళ్ళీ కిందికి పంపుతారు. నీళ్ళు చీలమండ దాటితే, లేదా లైట్లు మిణుకు మిణుకుమంటుంటే దిగొద్దు. మేడ మీద నీళ్ళు నిలిచాయి, తూము మీది జాలీ తియ్యమంటే మెరుపులు ఆగినాక పోతానని చెప్పండి. "బాదేన్" (తర్వాత) అనే ఒక్క మాట చాలు, వాళ్ళకు అర్థమవుతుంది. కోపమొస్తే రానీండి.

మా ఆయన ఎడారిలో గొర్రెలు కాస్తాడు. ఆయనకు చుట్టూ ఏమీ లేదు. ఎట్ల?

అందరికంటే కష్టం వీళ్ళదే. కువైట్‌లో అబ్దలీ, వఫ్రా, సాల్మీ వైపు జాఖూర్లలో (పశువుల దొడ్లలో), గుడారాల్లో ఉండేవాళ్ళకు పిడుగు ఒకటి, పల్లం ఒకటి, రెండు గండాలు. విశాలమైన ఎడారిలో నిలబడ్డ మనిషే అన్నిటికంటే ఎత్తు. ఉరుము వినబడగానే గుడారం ఇనుప గుంజకు దూరంగా జరిగి, పైకప్పు ఉన్న వాహనంలో కూర్చోవాలి. అది లేకపోతే గొర్రెల మధ్య కాకుండా విడిగా, కాళ్ళు దగ్గరకు పెట్టుకుని గొంతుక్కూర్చోవాలి. నేల మీద పడుకోకూడదు. గుడారం ఎప్పుడూ పల్లంలో వెయ్యొద్దు. చలిగాలి తగలదని పల్లం వెతుక్కోవడం సహజమే, కానీ వాననీళ్ళూ అక్కడికే వస్తాయి.

ఈయనకు ఇంటివాళ్ళు ఇక్కడి నుంచి చెయ్యగల పని ఒకటుంది. మామూలు రోజునే ఒకసారి వాట్సాప్‌లో లొకేషన్ పంపించుకుని దాచుకోండి. ఫోను పోయిన రోజు "సాల్మీ రోడ్డులో ఎక్కడో" అని చెప్తే పోలీసులు ఎవర్నీ వెతకలేరు.

దుమ్ము తుఫానుకు కూడా ఇదే పద్ధతా?

కాదు. తలుపులు బిగించి, సందుల్లో తడిగుడ్డ పెట్టి లోపల ఉండాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళు పీల్చే మందు (ఇన్‌హేలర్) దగ్గర పెట్టుకోవాలి. బండి తోలేటప్పుడు ఎదురేమీ కనబడకపోతే రోడ్డు మీద ఆగొద్దు, రోడ్డు పూర్తిగా దిగి పక్కన ఆపాలి.

రాత్రి నుంచి ఫోన్ చేస్తాండా, మా వాడు ఎత్తడం ల్యా. ఏం చెయ్యాల?

ముందు గడియారం చూడండి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు, మస్కట్, దుబాయ్ గంటన్నర వెనక. మీకు తెల్లారి ఆరైతే కువైట్‌లో మూడున్నర. టవర్‌కు కరెంటు పోవడం, ఛార్జింగ్ అయిపోవడం, డ్యూటీలో ఫోను లాకర్‌లో ఉండటం, ఎక్కువసార్లు సంగతి ఇంతే. తుఫాను రోజున మీరు వరసగా నలభై కాల్స్ చేస్తే వాడి ఫోనులో మిగిలిన కాస్త ఛార్జీ కూడా మీ రింగులకే అయిపోతుంది. ఒక్క మెసేజ్ పెట్టి వదిలెయ్యండి: "బాగున్నావా, ఒక్క మాట రాయి చాలు." కాల్ కలవని చోట కూడా మెసేజ్ దారి చేసుకుని పోతుంది.

తర్వాత వాడి రూమ్‌మేట్‌కు, అదే ఊరి ఇంకొకరికి చెయ్యండి. మన పల్లెలకు ఉన్న పెద్ద బలం ఇదే. సుండుపల్లి వాడు కనబడకపోతే సుండుపల్లి వాడే పోయి తలుపు కొడతాడు. కువైట్ సిటీలో మాలియా అనే చోట శుక్రవారం నిలబడి అడిగితే మన మండలం వాళ్ళు పది మంది దొరుకుతారు. ఒక రోజు గడిచినా ఏ కబురూ లేకపోతే అప్పుడు భారత రాయబార కార్యాలయానికి చెప్పండి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చెయ్యండి. ఆంధ్రప్రదేశ్ ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీఎస్‌కు కూడా చెప్పొచ్చు. అడిగినప్పుడు పాస్‌పోర్టు నంబరు, సివిల్ ఐడీ నంబరు, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పేరు, ఉండే చోటు చెప్పలేకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

గ్రూపుల్లో తిరిగే వీడియోల సంగతి: 2018 నాటి కువైట్ వరద వీడియో ప్రతి ఏడూ కొత్తదిలా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని చూసి మీ అత్తకు బీపీ తెప్పించకండి.

ఎమర్జెన్సీ నంబర్లు?

కువైట్ 112. ఒమన్ 9999. ఎమిరేట్స్‌లో పోలీసు 999, అంబులెన్స్ 998, అగ్నిమాపక దళం 997. ఖతార్ 999. అమెరికా 911. ఇవన్నీ ఆ దేశంలో ఉన్నవాళ్ళు చెయ్యాల్సినవి, కడప నుంచి కలవవు. దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 800 46342. రేడియోలోనో ఫోనులోనో అరబ్బీలో వచ్చే హెచ్చరికల్లో మతర్ అంటే వాన, సైల్ అంటే వరద, గుబార్ అంటే దుమ్ము, ఖతర్ అంటే ప్రమాదం.

ఎల్లుండి ఫ్లైటు ఉంది. పెండ్లికి రావాల. తుఫాను అంటాండారు?

ఫ్లైటు కదులుతుందని ఎయిర్‌లైన్ నుంచి మెసేజ్ వచ్చేదాకా గది దాటకండి. 2024 ఏప్రిల్‌లో దుబాయ్ విమానాశ్రయంలో వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. ముందే చేరుకున్నవాళ్ళు రోజుల తరబడి నేల మీద పడుకున్నారు. తిండికీ క్యూనే. కువైట్ నుంచి దుబాయ్ మీదుగా టికెట్ ఉంటే కువైట్‌లో ఎండ కాస్తున్నా సరే, దుబాయ్ సంగతి చూసుకోవాలి. ఎయిర్‌లైనే రద్దు చేస్తే డబ్బు వాపసు గానీ వేరే తేదీ గానీ అడగొచ్చు. మీరే రద్దు చేసుకుంటే ఆ హక్కు పోతుంది. అందుకే తొందరపడి క్యాన్సిల్ నొక్కకండి.

పాస్‌పోర్టు నీళ్ళలో నానిపోయింది.

ఎండలో పెట్టకండి, ఇస్త్రీ అసలే చెయ్యకండి. నీడలో ఆరబెట్టి, పేజీలు చదవగలిగేలా ఉన్నా సరే, చెడిపోయిన పాస్‌పోర్టు కింద కొత్తదానికి రాయబార కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోండి. ఉబ్బిన పాస్‌పోర్టుతో విమానాశ్రయంలో ఆపేస్తే టికెట్ డబ్బు కూడా పోతుంది. పాస్‌పోర్టు, వీసా, బతాకా ఫోటోలు ఇంట్లో ఒకరి ఫోనులో ఉంటే ఈ పని సగం తేలిక. కువైట్‌లో సివిల్ ఐడీ మొబైల్ యాప్‌లో కూడా ఉంటుంది కాబట్టి కార్డు తడిసినా భయం లేదు.

బండికి ఇన్సూరెన్స్ వస్తాదా?

థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే మీ బండికి రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా ప్రకృతి వైపరీత్యాలు కలిపి ఉన్నాయా లేదా పాలసీలో చూసుకోవాలి. తెలిసి వరదనీళ్ళలోకి దించారని తేలితే కంపెనీ మొండిచెయ్యి చూపొచ్చు.

జరగరానిది జరిగితే ఇంటికి ఏమొస్తాది?

అడగడానికి అందరూ ఇబ్బంది పడతారు గానీ తెలుసుకుని ఉండాల్సిందే. ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో (పనికి పోయేముందు మన ప్రభుత్వం ఇచ్చే అనుమతితో) పోయినవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు. ప్రీమియం రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలు. గడువు తీరాక ఆన్‌లైన్‌లోనే పొడిగించుకోవచ్చు. చాలామంది పొడిగించరు, కట్టిన పాలసీ ఉందనే సంగతే ఇంట్లో చెప్పరు. విజిట్ వీసా మీద పోయి అక్కడ పనిలో చేరినవాళ్ళకు ఇది ఉండదు. ఏజెంట్ "అవన్నీ ఎందుకు, నేను చూసుకుంటా" అన్నాడంటే ఇదే పోతుందని గుర్తు. రాష్ట్రం తరఫున ప్రవాసాంధ్ర భరోసా అనే బీమా కూడా ఉంది. దేహాన్ని తెచ్చే ఖర్చు కఫీల్ భరించకపోతే, దిక్కులేని సందర్భాల్లో రాయబార కార్యాలయం దగ్గరున్న భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి అడగొచ్చు.

మా పాప డల్లాస్‌లో ఎమ్మెస్ చేస్తాంది. సైరన్ మోగిందని ఏడుస్తాంది. ఏం చెప్పాల?

అక్కడ భయం సుడిగాలిది. టోర్నడో వాచ్ అంటే రావొచ్చు, సిద్ధంగా ఉండండి. వార్నింగ్ అంటే వచ్చేసింది లేదా రాడార్‌లో కనబడింది, వెంటనే దాక్కోండి. అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తులో, కిటికీలు లేని బాత్‌రూమ్‌లో, తల మీద దిండో దుప్పటో పెట్టుకుని కూర్చోవాలి. పై అంతస్తు పిల్లలు కింద ఎవరి తలుపు కొట్టాలో ముందే మాట్లాడుకోవాలి. సైరన్‌ను నెలకోసారి పరీక్షకు మోగించే ఊళ్ళూ ఉన్నాయి, ఆకాశం తేటగా ఉండి మధ్యాహ్నం మోగితే చాలావరకు అదే.

హ్యూస్టన్‌లో అయితే సముద్రపు తుఫాన్లు, వాటి తర్వాత రోజుల తరబడి కరెంటు లేకపోవడం. 2024 జూలై 8న బెరిల్ వచ్చినప్పుడు ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కరెంటు పోయినప్పుడు ఇంట్లో బొగ్గుల పొయ్యి గానీ, గ్యారేజీలో కారు గానీ, లోపల జనరేటర్ గానీ నడపకూడదు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్‌లో ఆ పొగ పీల్చి చనిపోయినవాళ్ళున్నారు. ఆ విషవాయువుకు వాసన ఉండదు. అద్దె ఇంటికి తీసుకునే రెంటర్స్ ఇన్సూరెన్స్‌లో వరద నష్టం మామూలుగా కలవదు. వరద బీమా విడిగా తీసుకోవాలి, ప్రభుత్వ పథకంలో అయితే తీసుకున్న 30 రోజులకు గానీ అమలులోకి రాదు. తుఫాను సముద్రంలో కనబడ్డాక కొంటే ఆ తుఫానుకు పనికిరాదు. పాపకు ఫోన్ చేసేటప్పుడు గడియారం సంగతి: టెక్సాస్ మనకంటే ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక.